నాలుగూ ఇరవై ఫోను

ఓగలాలా, నెబ్రాస్కా
జనవరి 13, 2019

ఒరే మిడతా,

నీకు యాభై దాటినా నాకు నువ్వు మిడతవే. గోధుమ చేలో ఒకచోట కాలు నిలవకుండా ఎగిరేవాడివని నాన్న పెట్టిన పేరు. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదని రాశావు, అది వేరే సంగతి.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అడక్కు. ఫోను తీగ గోడలోంచి పీకేశాను. అక్టోబరులో వయోమింగ్ గాలికి లారీ తిరగబడి నా ట్రావిస్ పోయినప్పటినుంచీ, అది మోగితే చాలు నా గుండె వాడేనంటుంది. మోగకుండా కూర్చుంటే ఇంకా పాడు. వాడు రోజూ సాయంత్రం నాలుగూ ఇరవైకి చేసేవాడు, నీకు తెలుసో లేదో. నేను బడి వంటింట్లోంచి నాలుగింటికి బయటపడి, ఇంటికొచ్చి, జుట్టుకు కట్టిన వల తీసేసరికి మోగేది. లారీ ఒహాయోలో ఉన్నా, ఆరెగాన్‌లో ఉన్నా మన గడియారం ప్రకారమే. "ఏం తిన్నావమ్మా? ఇవాళ ఎవర్ని తిట్టావమ్మా?" రెండే ప్రశ్నలు. రెండోదానికి జవాబు ఎప్పుడూ పెద్దదే.

ఇక అసలు సంగతి. నేను డెన్వర్ రావాలి. నవ్వకు. నా వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా అయ్యాయి, చూశావుగా. "నువ్వు రిటైరయ్యే ఏడు నిన్ను మామ ఊరు తీసుకెళ్తానమ్మా. అక్కడ గంజాయి బాజాప్తాగా అమ్ముతారు. చేతులకు పూత రాయిస్తా. ఒక చిన్న ముక్క మిఠాయి తినిపిస్తా. నువ్వు పళ్ళు కనిపించేలా నవ్వితే ఒక్కసారి చూడాలి" అనేవాడు. రిటైరయ్యేది ఈ మే నెలలో. తీసుకెళ్ళేవాడు లేడు. వాడన్న మాట మాత్రం మిగిలి ఉంది. అది నేనే పోయి తీర్చుకొస్తాను.

ఆ మొక్క మొహం చూడు! నాన్న మనచేత రోడ్డు పక్క కాలవల్లో పీకించి తగలబెట్టించిన పిచ్చి మొక్కే కదా అది. ఆవులు కూడా మూతి తిప్పుకునేవి. దానికిప్పుడు గాజు బీరువాలట, దాని ముందు వరసలో జనమట. ఆ రోజుల్లో మనం పెట్టిన పొగకు టికెట్టు పెట్టి ఉంటే ఈపాటికి నువ్వు గవర్నరువి.

నువ్వు మోటెల్లో పనిచేస్తున్నావు కాబట్టి అడుగుతున్నా, ఎప్పుడొస్తే గది చవకో రాయి. పాదరీ భార్య మార్విస్ లాగా నా దగ్గర డబ్బు మూలగడం లేదు. ట్రావిస్ "ఫోర్ ట్వంటీకి వెళ్దామమ్మా" అని నవ్వేవాడు. అది సాయంత్రం బస్సేమో కనుక్కో.

అన్నట్టు మార్విస్ మళ్ళీ బంగాళాదుంపల పళ్ళెం పట్టుకొచ్చింది. దేవుడు నా కొడుకును తన తోటలో నాటుకున్నాడట. ఆయనకు మొక్కలు కరువొచ్చాయా? పళ్ళెంలోది కుక్కకు పెట్టాను. కుక్క కూడా కాసేపు ఆలోచించింది.

నీ అక్క
వెర్లీన్


డెన్వర్, కొలరాడో
జనవరి 22

వెర్లీనక్కా,

నీ ఉత్తరం దుప్పట్ల బండి మీద పెట్టుకుని గది గదికీ తిప్పి చదివాను. ఫోను తీగ పెట్టవే తల్లీ. ఎన్నిసార్లు చేసినా గంట మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. ఇంట్లో ఉన్నావో, ఊరెళ్ళావో నాకెలా తెలియాలి?

నువ్వు రావడమే పదివేలు. ఇక వేళ సంగతి విను, ఇందులో నాకున్న జ్ఞానం ఇంకెందులోనూ లేదు. ఈ నెల వద్దు. పశువుల సంత నడుస్తోంది, పెద్ద టోపీలవాళ్ళు గదులన్నీ పట్టేశారు, మెట్ల మీద పేడ కడగలేక చస్తున్నా. ఎండాకాలం అసలే వద్దు, కొండల్లో పాటల కచేరీలు, ధర రెండింతలు. శీతాకాలం ముందు బాగా చవకే గానీ అంతదాకా నువ్వు ఆగవు. మార్చి నెలలో, వారం మధ్యలో రా. బుధ, గురువారాల్లో మా మోటెల్లో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. మంచు పడితే పడుతుంది, నీకేం కొత్తా? శుక్ర, శనివారాలు కుర్రకారు దిగుతుంది. మా బాల్కనీల్లో పీల్చుకున్నా ఎవరూ ఏమీ అనరు కాబట్టి ఇక్కడికే వస్తారు. రోడ్డు మీద పీలిస్తే మాత్రం జరిమానా, తెలుసుకో. దుకాణంలో నీ వయసు చూడ్డానికి కార్డు అడుగుతారు. పడుచుగా కనిపించానని మురిసిపోకు, నూరేళ్ళ ముసలినైనా అడుగుతారు. తిరుగు ప్రయాణంలో సంచిలో ఏమీ పెట్టుకోకు. సరిహద్దు దాటగానే మన నెబ్రాస్కా పోలీసులు కాచుకుని ఉంటారు.

ఏప్రిల్ ఇరవై మాత్రం వద్దే వద్దు. ఫోర్ ట్వంటీ అంటే బస్సు కాదే అక్కా! నాలుగో నెల, ఇరవయ్యో తేదీ. గంజాయివాళ్ళ పెద్ద పండగ. పార్కులో వేలమంది చేరి సాయంత్రం సరిగ్గా నాలుగూ ఇరవైకి ఒక్కసారిగా అంటిస్తారు. ఏడాది పొడుగునా వాళ్ళ ముహూర్తం అదే. గడియారం నాలుగూ ఇరవై కొడితే దమ్ము వేళ. మన ట్రావిస్ నీకు రోజూ ఆ వేళకే ఫోను చేసేవాడా? దొంగ వెధవ! అమ్మతోనా ఆటలు! చదివి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను. వాడు పోయాక నేను నవ్వడం ఇదే మొదలు.

మార్చి పదమూడు బుధవారానికి కింది అంతస్తులో గది పట్టి ఉంచనా?

నీ మిడత


ఓగలాలా
ఫిబ్రవరి 3

డెల్బర్ట్,

నవ్వుకో. బాగా నవ్వుకో. నవ్వడానికి నీకు మా ఇంట్లో చావు దొరికింది.

ఏడేళ్ళు. వాన రానీ, మంచు పడనీ, ఏడేళ్ళపాటు ఆ ఫోను మోగుతుందని నేను దారిలో ఎవరితోనూ ముచ్చట పెట్టకుండా ఇంటికొచ్చేదాన్ని. మార్విస్ పిలిచినా ఆగేదాన్ని కాదు. నా కొడుకు నా వల తీసే వేళ గుర్తుపెట్టుకున్నాడని ఊరంతా గొప్పలు పోయాను. అది తాగుబోతు సన్నాసుల గంటన్నమాట! ఒక చేత్తో పొగ, ఒక చేత్తో అమ్మ. "ఇవాళ ఎవర్ని తిట్టావమ్మా" అని అడిగి, పక్కనున్న పోకిరీలకు నా మాటలు వినిపించి అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళేమో. నాకేం తెలుసు, ఎనిమిదో తరగతితో మానేసినదాన్ని. బస్సనుకున్నాను. ఫోర్ ట్వంటీ గాళ్ళకు నేనొక వినోదం.

వాడికి ఇవన్నీ ఎవరు నేర్పారు? బడిలో నేర్పరు. చర్చిలో అంతకన్నా నేర్పరు. మీసాలు మొలుస్తున్నప్పుడు వాడు ఎండాకాలమంతా ఎవరి దగ్గరున్నాడో నువ్వూ నేనూ ఎరుగుదుం.

గది పట్టొద్దు. కాలవలో మొలిచే గడ్డి కోసం అంతదూరం రానక్కరలేదు, నాకు ఇక్కడే కాలవలున్నాయి.

వెర్లీన్ హార్కిన్స్


డెన్వర్
ఫిబ్రవరి 14

అక్కా,

ఇంటిపేరు కూడా రాశావు. నేనెవరో కరెంటు ఆఫీసువాణ్ణి అనుకున్నావా?

నేను మంచివాణ్ణి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎండాకాలం నేను వాడికి నేర్పింది కొళాయి బిగించడం. ఇంకేమీ లేదు. నేను ఇవన్నీ మానేసి తొమ్మిదేళ్ళయింది. పొద్దున్నుంచీ రాత్రిదాకా ఆ కంపు దుప్పట్లు ఉతికేవాడికి దాని మీద మోజుంటుందా? మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

ఇంకో సంగతి. లారీ తోలేవాళ్ళను కంపెనీవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు పిలిచి చేతిలో గిన్నె పెట్టి అందులో ఉచ్చ పొయ్యమంటారు. అందులో గంజాయి రవ్వంత తేలినా ఉద్యోగం ఊడుతుంది. ఏడేళ్ళూ వాడి ఉద్యోగం ఊడలేదు. లెక్క నువ్వే వేసుకో.

నిన్ను చూసి నవ్వుకునేవాడా అని నన్ను అడగలేదు నువ్వు, తీర్పు చెప్పేశావు. నేనెలా చెప్పను, వాడి లారీలో నేను లేను. ఉండి ఉంటే బాగుండేది.

గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీకు కోపమొస్తే కిటికీలోంచి ఉమ్మడానికైనా రా.

డెల్బర్ట్


ఓగలాలా
మార్చి 2

డెల్బర్ట్,

గిన్నె సంగతి నాకు తట్టనే లేదు. తట్టాల్సింది. క్షమించమని మాత్రం అడగను, నవ్వింది నువ్వు.

అయినా నాకు తీరలేదు. తాగలేదు సరే. మరి ఆ వేళే ఎందుకు? నాలుగూ పదిహేను లేదా, నాలుగున్నర లేదా? తాగనివాడికి ఆ గంటతో ఏం పని? నేను తెలివితక్కువదాన్ని కాబట్టి నాకు తెలియదని ముసిముసి నవ్వులు నవ్వేవాడా? ఈ ముల్లు తియ్యందే నేను వాడి కోసం సరిగ్గా ఏడవలేకపోతున్నాను కూడా. ఏడుపు మొదలుపెడితే మధ్యలో కోపమొస్తోంది. నువ్వు ఉత్తరాల్లో తప్పించుకుంటున్నావు, మొహం చూసి అడగాలి.

అందుకని నువ్వన్న చవక బుధవారమే వస్తున్నాను. పదమూడు. మధ్యాహ్నం బస్సు.

నేను డెన్వర్ వెళ్తున్నానని ఊరంతా పాకింది. మార్విస్ కిరాణా కొట్లో పట్టుకుని, "వెర్లీన్, దుఃఖంలో సైతాను రకరకాల తలుపులు తెరుస్తాడు సుమా" అంది గట్టిగా, అందరూ వినేలాగ. ఆ తర్వాత పిండి బస్తాల వెనక్కి లాక్కెళ్ళి, "మోకాలికి రాసే పూత ఉంటుందట కదా, చిన్న డబ్బా, ఎవరికీ తెలియకుండా" అంది. "పోలీసులు పట్టుకుంటే పాదరీగారి మోకాలని చెప్పనా, నీ మోకాలని చెప్పనా?" అన్నాను. పిండిలో పిండిలా తెల్లబోయింది.

చర్చి పెద్దలు, ఇద్దరు డీకన్లు కూడా అడిగారు. ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే పాపం చెయ్యడానికి పగటి పూట బయల్దేరుతున్నాను.

వెర్లీన్


డెన్వర్
మార్చి 16

అక్కా,

మూడు రోజులుగా నిద్ర లేదు, అక్షరాలు చూసుకో.

బుధవారం పొద్దున్నే ఇక్కడ తుపాను మొదలైంది. కారు కనపడనంత మంచు. నీ బస్సొచ్చే వేళకి బస్టాండుకి నడిచిపోయాను. రోడ్లన్నీ మూసేశారన్నారు. నీ బస్సు బయల్దేరిందా అంటే ఒకడు బయల్దేరిందన్నాడు, ఒకడు లేదన్నాడు, ఒకడు దారిలో ఎక్కడో ఆగిపోయిందన్నాడు. నీ ఇంటికి చేశాను. మోగింది. మోగింది. మోగుతూనే ఉంది. నువ్వు పీకి పారేసిన తీగ అవతల ఖాళీగా మోగుతోందని తెలిసీ చేస్తూనే ఉన్నాను. గాలి చూస్తే అక్టోబరు గాలిలాగే ఉంది. నా కళ్ళ ముందు ఏమి కనిపించిందో రాయను.

రాత్రంతా బెంచీ మీదే కూర్చున్నాను. మర్నాడు బడికి చేస్తే ఎవరో ఎత్తి, "వెర్లీనా? ఇక్కడే ఉంది, జనానికి వడ్డిస్తోంది, పిలవమంటారా?" అన్నారు. ఉందన్న మాట వినగానే పెట్టేశాను. మాట్లాడితే తిడతానని.

నీకు దుఃఖముందని నాకు తెలుసు. నీకొక్కదానికే ఉందని మాత్రం అనుకోకు. వాడు నాకూ మేనల్లుడే. ఇక నాకు మిగిలింది నువ్వొక్కతివే. అది నువ్వు తీగతో సహా పీకేస్తే నేనేం చెయ్యను?

నాకు ఇంతకన్నా రాయడం చేతకాదు.

డెల్బర్ట్


ఓగలాలా
మార్చి 24

ఒరే మిడతా,

నువ్వు బస్టాండులో కూర్చున్నావని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అంత మంచులో పడి బస్టాండుకు పోయేంత వెర్రివాడివని ఎవరనుకుంటారు? చెవులు మూసుకునే టోపీ పెట్టుకున్నావా కనీసం? పెట్టుకుని ఉండవు. నీకు చిన్నప్పటినుంచీ ఆ బుద్ధి లేదు.

నేనూ ఫోను చేశాను, చెవులు పెట్టి విను. ఎందుకు చేశానో చెబుతాను.

ఆ బుధవారం పొద్దున సంచి సర్దుకుని గుమ్మంలో ఉండగా రోడ్డు మూసేశారని కబురొచ్చింది. ఆ వెనకే బడివాళ్ళు మనిషిని పంపారు. పెద్ద రోడ్డు మీద చిక్కుకున్న వాళ్ళందర్నీ బడి ఆటల హాల్లో పడుకోబెడుతున్నారు, వండిపెట్టాలన్నారు. ఇంకేముంది, వల కట్టుకున్నాను. బీన్సూ మాంసమూ కారపు కూర పెద్ద గుండిగలో, దాంతోపాటు దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె చుట్టలు. ట్రావిస్ బడిలో ఉన్నప్పుడు ఆ చుట్టను కూరలో ముంచుకుని తినేవాడు, గుర్తుందా? ముంచుతూంటే నేను కిటికీలోంచి గరిటె చూపించి బెదిరించేదాన్ని.

ఆ వచ్చినవాళ్ళలో ఒక పిల్ల ఉంది. జుట్టుకు నీలి రంగు, ముక్కుకు మేకు. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో డెన్వర్ షికారు చేసి ఇంటికి పోతోందట. చవకని ఆ వారం పెట్టుకున్నారట, నా అంత తెలివైనవాళ్ళు. కోట్ల దగ్గర మన కాలవల వాసనే. మూడో చుట్ట తీసుకోవడానికి వచ్చి, "మామ్మగారూ, ఇది తీపి కదా, కారం కూరతో తింటారా ఎవరైనా?" అంది.

"మేం ఇలాగే తింటాం. మీ ఊళ్ళో ఏం తింటారే, గడ్డా?" అన్నాను.

"గడ్డి తినం మామ్మగారూ, పీలుస్తాం!" అని వెనకున్నవాళ్ళతో కలిసి ఇకిలించింది. చెంప పగలగొడదామనుకున్నాను గానీ చేతిలో పళ్ళెం ఉంది.

అంతలో దాని జేబులో ఫోను టింగుమని మోగింది. "ఫోర్ ట్వంటీ!" అని నలుగురూ చేతులు చరుచుకున్నారు. గోడ గడియారం చూస్తే సరిగ్గా అంతే. ఇక ఊరుకోలేకపోయాను.

"మీది ఏ ఊరే?" అన్నాను.

"ఒహాయో."

"ఒహాయోలో ఇప్పుడు ఆరూ ఇరవై కదా. మరి నీ గంట ఇప్పుడెందుకు మోగింది?"

దాని మొహం చూడాలి, లెక్కల టీచరు చంటిపిల్లను చూసినట్టు చూసింది నన్ను. "ఎక్కడుంటే అక్కడి నాలుగూ ఇరవై మామ్మగారూ! డెన్వర్‌లో ఉంటే డెన్వర్‌ది, ఒహాయోలో ఉంటే ఒహాయోది. వేరే ఊరి గడియారం చూసుకుని ఎవరైనా చేస్తారా?"

గరిటె గుండిగలో పడిపోయింది.

ఎవరైనా చేస్తారా అంది. మిడతా, వాడు చేసేవాడు. ఒహాయోలో ఉంటే ఆరూ ఇరవైకి చేసేవాడు. ఆరెగాన్‌లో ఉంటే మూడూ ఇరవైకి, వాళ్ళ వేళ ఇంకా రాకముందే. ఏ రాష్ట్రంలో లారీ ఆపుకున్నా వాడు చూసుకున్నది నా గోడ మీది గడియారం. నేను వల తీసే వేళ. అది ఆ పనిలేని సన్నాసుల గంటతో కలిసిందని వాడికి తెలుసు, నవ్వుకునే ఉంటాడు, వాడి మొహం నేనెరగనా? ఏదో ఒకరోజు ఫోర్ ట్వంటీకి నన్ను మీ ఊరు తెచ్చి, ఇదీ సంగతమ్మా అని చెప్పి, నా మొహం చూసి పొర్లి పొర్లి నవ్వాలనుకున్నాడు. ఆ నవ్వులో నాకూ వాటా ఉంచాడు. అదీ వాడి తమాషా. అంతే. నేనే దాన్ని ముల్లు చేసుకున్నాను, నువ్వేమో గునపం చేసి ఇచ్చావు.

ఆ పిల్లకు నాలుగో చుట్ట కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో దానికి తెలియదు.

అప్పుడే వంటింటి గోడకున్న ఫోను దగ్గరకెళ్ళి నీ మోటెల్‌కి చేశాను. ఎవరో ఎత్తి, "డెల్బర్ట్ వాళ్ళక్క కోసం బస్టాండుకెళ్ళాడు" అని గాని అన్నారా? అనలేదు. "లేడు" అని పెట్టేశారు. నీ మోటెల్‌లో మర్యాద అలా ఉంది. నాకు చెప్పుకోవడానికి నువ్వు లేవు, నీకేమో నేను బతికి ఉన్నానని చెప్పేవాళ్ళు లేరు. ఆ రాత్రి నువ్వు పడిందేమిటో నాకు తెలుసు. అక్టోబరులో నేనూ అలాగే కూర్చున్నాను, ఐదయింది, ఆరయింది, వాడి ఫోను రాలేదు. అది నీకు నేను పెట్టాల్సింది కాదు.

తీగ గోడలో పెట్టేశాను. దుమ్ము దులిపి మరీ పెట్టాను.

ఇక రాక సంగతి. ఈసారి వేళ నేను చూసుకున్నాను, నీ జ్ఞానం చాలు. ఏప్రిల్ ఇరవై శనివారం, మర్నాడు ఈస్టరు. ఆ రెండు రోజుల్లో నీ ఊళ్ళో సన్నాసులంతా పొగ, నా ఊళ్ళో మార్విస్ లాంటివాళ్ళంతా పాట. రెండూ అయిపోనీ. పండగవాళ్ళు గదులు ఖాళీ చేసి పోయాక, ఇరవై మూడు మంగళవారం వస్తాను. అప్పుడు ధర పడిపోతుంది కదా? పడకపోతే నువ్వు ఉతికిన దుప్పట్లకు నేనే ధర కడతాను. చేతులకు ఆ పూత ఒక్క రోజు రాసుకుని చూస్తాను. మిఠాయి సంగతి అక్కడికొచ్చాక. నా పళ్ళు చూడాలని వాడికుండేది, నీకు చూపిస్తే వాడికి చూపించినట్టే అనుకుంటాను. మార్విస్ మోకాలు మార్విస్ చూసుకుంటుంది.

ఒక పెద్ద పళ్ళెం నిండా చుట్టలు చేసి తెస్తాను. మీ ఊళ్ళో కాల్చుకునే చుట్టలు కావు, తినేవి.

ఈలోగా రోజూ ఫోను చెయ్యి. నాలుగూ ఇరవైకి మాత్రం చెయ్యకు, ఆ వేళ వాడిది. కాసేపు నన్ను వదిలెయ్యి. నాలుగున్నరకు చెయ్యి. ఎత్తుతాను.

బస్టాండులో రాత్రంతా ఏమీ తిని ఉండవు, నీ అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. మిషనులో అమ్మే బిస్కట్లు తిండి కాదురా. నేను వచ్చేలోపు వేళకి వేడిగా వండుకుని, కూర్చుని, కడుపునిండా తిను.

నీ అక్క
వెర్లీన్